స్టేట్ కాదన్న సారు

ఆ రోజుల్లో సెల్‌ఫోను మాట్లాడటానికి తప్ప ఇంకెందుకూ పనికొచ్చేది కాదు. మాట్లాడేవాళ్లు లేనివాడి జేబులో అది గడియారం. నేను రోజుకు పాతికసార్లు ఆ గడియారం తీసి చూసుకునేవాణ్ని. టైము కోసం కాదని మీకు వేరే చెప్పనక్కర్లేదు. అప్పుడప్పుడు అది మోగేది కూడా. ఎత్తితే ఒక ఆడగొంతు ఎంతో ఆప్యాయంగా, నాకిష్టమైన పాట పెట్టుకోవడానికి ఒకటి నొక్కమనేది. (రెండుసార్లు చివరిదాకా విన్నాను. అంకెలన్నీ చెప్పడం అయ్యాక ధన్యవాదాలు కూడా చెప్పింది.) రాష్ట్రం కోసం ఊరూరా టెంట్లు వెలిసి, నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటలు వండుకుని, బడులూ ఆఫీసులూ మూసి జనమంతా ఒక్కచోట చేరిన కాలం అది. అంతమంది అంత దగ్గరగా కూర్చోవడం నేను మళ్లీ చూడలేదు. ఆ కాలంలోనే, ఆ జనం మధ్యనే, కోరుట్లలో నేను ఎవరితోనూ సరిగా మాట్లాడకుండా నాలుగు నెలలు గడిపానంటే ఇప్పుడు నాకే విడ్డూరంగా ఉంటుంది.

మాది చందుర్తి దగ్గర ఒక పల్లె. రాజనీతిశాస్త్రంలో ఎమ్మే పూర్తిచేసి, ఆ కాగితం పట్టుకుని ఏడాది పాటు తిరిగి, చివరికి కోరుట్లలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పౌరశాస్త్రం చెప్పడానికి కుదిరాను. కుదిరానంటే నిలబడ్డానని కాదు. సీఈసీ గ్రూపులో పేర్లు పదకొండు, వచ్చేవాళ్లు నలుగురు, అందులో ఇద్దరు పక్క ఊరి బస్సు దొరికితేనే వచ్చేవాళ్లు. ప్రిన్సిపాలు నన్ను చేర్చుకునేటప్పుడే "ఈ ఏడు చూద్దాం సార్" అన్నాడు. మస్కట్‌లో ఉన్న మా బాపు కూడా సరిగ్గా అదే మాట అన్నాడు గానీ ఆయన ఉద్దేశం వేరు. "ఏడాది చూస్త. నౌకరి నిలవడితె మంచిదే. లేకుంటె పాస్‌పోర్టు తయ్యారు వెట్టుకో, వీసా తీస్త" అన్నాడు. ఎమ్మే చదివినవాడికి అక్కడేం పని దొరుకుతుంది బాపూ అని అడిగాను. "ఎమ్మేలకే ఈడ ఎక్కువ పని. ఇటికెలు మోసుటానికి నా కాంపుల ఇద్దరెమ్మేలున్నరు" అన్నాడు. ఆయన నవ్వుతూ చెప్పాడో మామూలుగా చెప్పాడో ఫోనులో తెలియలేదు. ఆ ఇద్దరూ ఏ సబ్జెక్టువాళ్లో అడిగే ధైర్యం నాకు చాలలేదు.

కాలేజీకి రెండు వీధుల అవతల ఒక దర్జీ దుకాణం మీది గదిలో అద్దెకుండేవాణ్ని. ఆ దర్జీని వీధంతా చాచా అని పిలిచేది కాబట్టి నేనూ చాచా అనే అనుకునేవాణ్ని, మనసులో. పైకి అనాల్సిన అవసరం రాలేదు. మెట్లు దిగేటప్పుడు ఆయన సూది పట్టిన చెయ్యి కొంచెం ఎత్తేవాడు, నేను తల కొంచెం వంచేవాణ్ని. నాలుగు నెలల పరిచయం అంతే. ఆదివారాలు మరీ ఘోరం. ఒక ఆదివారం పడుకోబోయే ముందు, ఆ రోజు మొత్తం నేను మాట్లాడిన మాటలేమిటని గుర్తు చేసుకుంటే మూడు తేలాయి. "ఒక చాయ్ ఇయ్యన్నా." మూడో మాట మీద నాకిప్పటికీ అనుమానమే, చేతితో సైగ చేసి ఉంటాను. సాయంత్రాలు బస్టాండుకు పోయి సిమెంటు బల్ల మీద కూర్చునేవాణ్ని. మెట్‌పల్లి, జగిత్యాల, వేములవాడ, సిరిసిల్ల బోర్డులు పెట్టుకుని బస్సులు వచ్చేవి, పోయేవి. మనుషులు ఒకరినొకరు పేరు పెట్టి కేకలేసుకునేవాళ్లు. నేను ఎక్కడికీ పోయేది లేదు. ఎవరినో పిలిచే ఆ కేకల కోసమే పోయేవాణ్ని. ఒకసారి ఎవరో నా పేరే పిలిస్తే లేచి నిలబడ్డాను కూడా. పిలిచింది నా పేరే, నన్ను మాత్రం కాదు.

ఇక పాఠం సంగతి. మొదటి సంవత్సరం పుస్తకంలో రాజ్యం అని ఒక అధ్యాయం ఉంటుంది. రాజ్యానికి నాలుగు లక్షణాలు కావాలి. జనాభా, ప్రదేశం, ప్రభుత్వం, సార్వభౌమాధికారం. నాలుగింట్లో ఏ ఒక్కటి తగ్గినా అది రాజ్యం కాదు. ఈ నాలుగు మాటలు చెప్పడానికి నేను వారం రోజులు తీసుకున్నాను. తొందరపడి ఏం చెయ్యాలి? నలుగురు విద్యార్థులు రాసుకుంటున్నారో బొమ్మలు గీసుకుంటున్నారో చూడకుండా, ఫ్యాను రెక్కలకేసి చూస్తూ చెప్పుకుంటూ పోయేవాణ్ని. అట్లాంటి ఒక మధ్యాహ్నం, ముత్యంపేట నుంచి బస్సులో వచ్చే ఒక అమ్మాయి, అంతకుముందు హాజరు పలకడానికి తప్ప నోరు తెరవనిది, లేచి నిలబడింది.

"సార్, రేపు మన తెలంగాణ అచ్చిందనుకో. గది రాజ్యమైతదా?"

చేరిన తర్వాత నన్ను ఒకరు అడిగిన మొదటి ప్రశ్న అది. ఆ ఆనందంలో నాకు ఒళ్లు తెలియలేదు. కాదమ్మా, కాదు, ఎప్పటికీ కాదు అన్నాను. అన్నాక కుర్చీలోంచి లేచాను. జనాభా ఉంటుంది, ప్రదేశం ఉంటుంది, ముఖ్యమంత్రీ మంత్రులూ ఉంటారు కాబట్టి ప్రభుత్వం ఉంటుంది, కానీ సార్వభౌమాధికారం మాత్రం ఢిల్లీ దగ్గర ఉంటుంది, కనక మనది రాష్ట్రమే గానీ రాజ్యం కాదు, ఇంగ్లీషులో రెంటినీ స్టేట్ అనే అంటారు, అక్కడే అందరూ తికమక పడతారు అని చెప్పుకొచ్చాను. ఎంత బాగా చెప్పానంటే, బొమ్మలు గీసేవాడు కూడా పెన్సిలు కింద పెట్టాడు. మర్నాటికి వ్యాసం రాసుకు రమ్మని ప్రశ్న బోర్డు మీద రాశాను. పెద్ద అక్షరాలతో రాసి, కింద రెండు గీతలు గీశాను. గంట కొట్టారు. చెరపకుండా వచ్చేశాను.

బోర్డు మీద మిగిలింది ఇది: "తెలంగాణ స్టేట్ కాదు – ఎందుకు?"

సాయంత్రం బస్టాండు పక్క హోటలుకు పోయి, అలవాటు ప్రకారం సైగ చేశాను. హోటలాయన గిన్నెలోకి చూస్తూ "చాయ్ లేదు సార్" అన్నాడు. గిన్నెలో చాయ్ మరుగుతోంది.

"మరి అదేందన్నా?"

"గది తెలంగాణోళ్లకు."

"నేనెక్కడోణ్ని? మాది చందుర్తి."

"చందుర్తోడే గిట్లంటె ఇగ బయిటోళ్లనేమనాలె. నువ్వేనాయె గద, తెలంగాణ అచ్చినా లెక్కల్కు రాదని పలక మీద రాసింది?"

"పలక మీద కాదన్నా, బోర్డు మీద."

(తప్పు కనపడితే దిద్దడం పంతుళ్ల జబ్బు. ఆ పూట దిద్దాల్సిన తప్పు అది కాదు.) బెంచీ మీద కూర్చున్న ఆటో ఆయన ఒకరు నాకేసి తిరిగి, "ఏమాయె సార్, రాదని నీకు ఢిల్లీకెల్లి ఫోనచ్చిందా?" అన్నాడు. నాకు పక్క వీధి నుంచి ఫోను చేసే దిక్కు లేదు, ఢిల్లీ నుంచి ఫోనా అనుకున్నాను. "రాదని నేననలేదు. వచ్చినా స్టేట్ కాదన్న" అని చెప్పాను. మామూలుగా అయితే నా మాట ఎవరికీ వినపడదు. ఆ ఒక్క మాట మాత్రం హోటలు మొత్తానికి స్పష్టంగా వినపడింది. ఇద్దరు లేచి నిలబడ్డారు. ఒకాయన చేతిలోని గ్లాసు కింద పెట్టి మరీ నిలబడ్డాడు. "స్టేట్ గాకుంటె మల్ల ఏంది సార్, జిల్లానా?" "మా తమ్ముడు మూడు నెలలాయె టెంట్ల కూసుంటున్నడు, జిల్లా కోసమా?" "సదువుకున్నోళ్లే గిట్ల జేత్తరు." నేను నాలుగు లక్షణాలు మొదలుపెట్టాను. రెండో లక్షణం దగ్గర నన్ను ఆపేశారు. పావుగంట తర్వాత, చాయ్ లేకుండా, చెమటతో గదికి నడుస్తూ ఉండగా ఒక సంగతి తోచింది. ఆ పావుగంటలో నేను మాట్లాడినన్ని మాటలు అంతకుముందు నెలంతా కలిపినా మాట్లాడలేదు. అందరూ నా మొహంలోకి చూసే మాట్లాడారు. తిట్టడానికే కావచ్చు, చూశారు.

ఆ సాయంత్రమే చాచా మెట్లెక్కి వచ్చాడు. నాలుగు నెలల్లో అదే మొదటిసారి. ఉన్న ఒక్క కుర్చీ ఆయనకిచ్చి నేను మంచం మీద కూర్చున్నాను. మెడలో కొలత టేపు తియ్యకుండానే వచ్చాడు.

"మాస్టర్ సాబ్, మధ్యాహ్నంకెల్లి నా దుకాన్లకు ఐదుగురచ్చిండ్రు, బట్టలకు గాదు. మీ మీది మాస్టర్ ఎవరి మనిషి అని అడుగుతున్నరు. నాకేం మాలూమ్? నాలుగు నెలలాయె, నీ పేరు గూడ నాకు మాలూమ్ లేదు. ఇప్పుడు చెప్పు, ఏం చెప్పినవ్ పిల్లలకు?"

పేరు చెప్పాను. తర్వాత నాలుగు లక్షణాలు చెప్పాను. చాచా ఒక్కొక్కటీ వేలు మడిచి లెక్కేసుకుంటూ విన్నాడు. "జనాభా. ఉన్నరు, మా ఇంట్ల ఆరుగురు. జగ. ఉన్నది, కింద రెండర్రలు, మీద నీ అర్ర. సర్కార్. అది గూడ ఉన్నది, మీ చాచీ. ఇగ గా నాలుగోది ఏందంటివి?"

"సార్వభౌమాధికారం. అంటే మీది నుంచి ఎవరి హుకుమూ ఉండొద్దు చాచా."

ఆయన నాలుగో వేలు మడవకుండా ఆలోచించాడు. "అయితె మాది రాజ్యం గాదు. మీ చాచీ మీద ఆమె అమ్మ ఉన్నది, నిజామాబాద్ల. రోజు ఫోన్ చేస్తది. ఏం వండాలె, పిల్లలు ఏ బడికి పోవాలె, అన్ని ఆడికెల్లే."

"అదే చాచా. మీ ఇల్లు రాష్ట్రం. నిజామాబాద్ ఢిల్లీ."

చాచా నవ్విన తీరు చూడాలి మీరు. కొలత టేపు రెండు కొసలూ ఊగేటట్టు నవ్వాడు. "గింతేనా? గిదే టెంట్ల చెప్పు. సమజ్ అయితది. మీ చాచీ పేరు మాత్రం తియ్యకు" అని, తలుపు దాకా పోయి తిరిగి, "నువ్వు మంచిగ చెప్తవ్ పాఠం" అన్నాడు. ఎమ్మేలో నాకు ఫస్టుక్లాసు వచ్చినప్పుడు కూడా అంత సంతోషపడలేదు.

మర్నాడు పొద్దున ప్రిన్సిపాలు పిలిచాడు. ఆయనది పెద్ద గొంతు కాదు, అందువల్లే భయం. "సార్, నాకు కాలేజీ నడవాలె. టెంటు కాడికెల్లి మనుషులచ్చిండ్రు. శనివారం పోయి ఆడ కూసొని మీరేమన్నరో మీరే చెప్పుకోండ్రి. వాళ్లు సరే అంటె సోమవారం రాండ్రి. లేకుంటె..." అని ఆపి, హాజరు పట్టీ మూసిపెట్టాడు. ఆ పూటే మస్కట్ నుంచి ఫోను. చేరినప్పటి నుంచి బాపు చేసిన మొదటి ఫోను అది. "ఏందిరా, తెలంగాణ రాదన్నవట?" కోరుట్లలో నిన్న మధ్యాహ్నం రాసిన ముక్క మస్కట్ దాకా ఎట్లా పోయింది బాపూ అంటే, "నా కాంపుల సగం మంది కోరుట్ల దిక్కోళ్లే. పొద్దుగాల సందంది నాతోని ఎవ్వడు మాట్లాడుత లేడు. పాస్‌పోర్టు ఏడున్నది?" అన్నాడు. పెట్టెలో ఉందన్నాను. "పైకి తీసి పెట్టు" అని పెట్టేశాడు. సిరిసిల్ల నుంచి మా చిన్నమ్మ చేసింది. "సాంచెల కాడ అందరు అడుగుతున్నరురా, మీ అక్క కొడుకేనట గదా అని. నేను కాదన్న. ఏమనుకోకు" అంది. (మరమగ్గాలను అక్కడ సాంచెలు అంటారు. ఆ చప్పుడులో కూడా నా పేరు వినపడిందంటే మరి.)

శుక్రవారం జగిత్యాలకు పోయాను. నా మాట నమ్మకపోయినా లావుపాటి పుస్తకాన్ని నమ్ముతారని ఒక ఆశ. బస్టాండు ఎదుటి దుకాణంలో రాజనీతిశాస్త్ర మూలసూత్రాల మీద ఉన్న పుస్తకాల్లో అన్నిటికంటే బరువైనది చూపించమన్నాను. రచయిత ఎవరని అడగలేదు. తిరుగు బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని సార్వభౌమాధికారం దగ్గర కాగితం ముక్క పెట్టుకుంటుంటే కండక్టరు టికెట్టు కొడుతూ, "కోరుట్లల ఒక సారు ఉన్నడట, ఎరుకేనా మీకు? తెలంగాణ స్టేట్ గాదు అన్నడట. గసొంటోన్ని బస్సెక్కియ్యద్దు అసలు" అన్నాడు. ఎక్కించకూడదని నేనూ ఒప్పుకున్నాను. కోరుట్ల దాకా ఇద్దరం ఆ సారును తిట్టుకుంటూ వచ్చాం. నిజం చెప్పొద్దూ, ఆ అరగంట చాలా హాయిగా గడిచింది. దిగేటప్పుడు కండక్టరు నా భుజం తట్టాడు.

శనివారం టెంటు నిండా జనం. రోజుకొక కులసంఘమో ఉద్యోగ సంఘమో వంతులవారీగా నిరాహారంగా కూర్చునే టెంటు అది. ఆ రోజు వంతు బీడీలు చుట్టే ఆడవాళ్లది. ఒళ్లో చాటలు పెట్టుకుని, ఆకు కత్తిరించుకుంటూ, తంబాకు పోసుకుంటూ, దీక్షా పనీ ఒకేసారి చేసుకుంటున్నారు. టెంటు బాధ్యతంతా చూసుకునేది రిటైరైన తెలుగు పెద్దసారు. తెల్లని బట్టలు, చేతిలో మైకు. నా లావుపాటి పుస్తకాన్ని ఆయన రెండు చేతులా అందుకుని, కళ్లకద్దుకుని, ఊగుతున్న ఫ్యాను స్టాండు కింద ఎత్తుకు పెట్టించాడు. ఆ పుస్తకం నాకు చేసిన సాయం అంతే. ఫ్యాను మాత్రం ఊగడం మానింది.

"చెప్పు సార్. మేం గూడ నీ విద్యార్థులమే అనుకో" అన్నాడు పెద్దసారు. గొంతులో వెటకారం ఉంది. వెనక హోటలాయన, ఆటో ఆయన, ఇంకా నాకు తెలియని కోరుట్ల సగం నిలబడి ఉంది. చివర చాచా కూడా ఉన్నాడు. నలుగురికి పాఠం చెప్పడానికి అలవాటు పడ్డవాణ్ని, మైకు పట్టుకోగానే అలవాటుగా ఫ్యాను రెక్కలకేసి చూశాను. ఒక పక్క సోమవారం కనపడుతోంది, ఇంకో పక్క ఇటుకలు. రాష్ట్రం రాదని నేననలేదు, రావాలనే మా ఇంట్లో అందరం కోరుకుంటున్నాం అన్నాను. ఎవరూ కదల్లేదు. రాజ్యానికి నాలుగు కావాలి అన్నాను. ఎవరో ఆవలించారు. ఇక దారి లేక, "ఒక ఇల్లనుకోండి" అన్నాను. ఆరుగురు మనుషులు, మూడర్రలు, ఇల్లు నడిపే ఇల్లాలు, ఆమె మీద రోజూ ఫోనులో హుకుం నడిపే తల్లి. ఊరు పేరు చెప్పలేదు, నిజామాబాద్‌కు బదులు దూరం ఊరన్నాను. అయినా ఆడవాళ్లంతా ఒకేసారి చాచా వైపు తిరిగారు. చాచా అప్పుడే వచ్చిన మెట్‌పల్లి బస్సు నంబరు చాలా శ్రద్ధగా చదువుకుంటున్నాడు. టెంటు నవ్వింది. ఆ నవ్వుతో నాకు కొంచెం ఊపిరి ఆడింది. ఆ ఇల్లు ఇల్లే, దానిలో అన్నీ ఉన్నాయి, కానీ మీద ఒకరున్నారు, రేపు మన తెలంగాణ కూడా అట్లాగే, మీద ఢిల్లీ ఉంటుంది, మీద ఎవరూ ఉండకపోతే దాన్ని సార్వభౌమాధికారం అంటారు అని ముగించాను.

ముందు వరుసలో ఒక అవ్వ, చాటలోంచి తలెత్తకుండానే అడిగింది.

"కొడుకా, నాకు సమజ్ గాక అడుగుత. మీద ఎవ్వలు లేకుంటె గదేనా?"

"అదే అవ్వా."

"మా అత్త పాయె, మామ పాయె. ఇంటాయన పోయి పన్నెండేండ్లాయె. పిల్లలు కాలేదు. ఇప్పుడు నా మీద హుకుం ఏసేటోళ్లు ఎవ్వలు లేరు. తినుమనేటోళ్లు లేరు, ఎటు పోయినవనేటోళ్లు లేరు. ఇంట్ల నేనే సర్కార్, నేనే జనం. అంటె గా నాలుగోది నాకు అచ్చినట్టేనా?"

మళ్లీ నవ్వారు. ఈసారి నాకు నవ్వు రాలేదు. మంచమూ ఒక కుర్చీ ఉన్న నా గది కళ్లముందు కనపడింది. సార్వభౌమాధికారం నిరపేక్షమైనది, అవిభాజ్యమైనది, శాశ్వతమైనది అని పుస్తకంలో మూడు మాటలుంటాయి. నేనెన్నోసార్లు అప్పజెప్పినవే. వాటి అర్థం మొదటిసారి తెలిసినట్టనిపించింది.

"వచ్చినట్టే అవ్వా" అన్నాను.

"గట్లనా" అంది, బీడీకి దారం చుడుతూ. "నేనింకేందో అనుకున్న. గది అంత మంచిగుండది కొడుకా. మీరు కొట్లాడుండ్రి, తెలంగాణ తెచ్చుకోండ్రి. గాని గా నాలుగోది మాత్రం అడుగకుండ్రి."

టెంటు గుంజలు కదిలేటట్టు నవ్వారు. తెలుగు పెద్దసారు మైకు నా చేతిలోంచి తీసుకుని, "అయిపాయె. అవ్వ తీర్మానం జేసింది. మనకు మూడు చాలు, నాలుగోది ఢిల్లీలనే ఉండనియ్యి" అని ప్రకటించి, నా చెవిలో మెల్లగా, "సార్, బోర్డు మీద రాష్ట్రం వేరు, రాజ్యం వేరు అని తెలుగుల రాస్తె ఈ లొల్లే లేకపోవు. తెలుగుల రెండు మాటలున్నయి, నువ్వు రెండిట్నీ ఇడిసిపెట్టి ఇంగ్లీషు పట్టుకున్నవ్" అన్నాడు. ఆయన అన్నది నిజం. నన్నూ సాయంత్రం దాకా ఆడవాళ్ల పక్కన దీక్షలో కూర్చోబెట్టారు. హోటలాయన తనంతట తానే చాయ్ పంపాడు. దీక్షలో ఉన్నాను కాబట్టి తాగలేకపోయాను. అవ్వ నాకు ఆకు కత్తిరించడం నేర్పబోయి, నా వేళ్లు చూసి మానుకుంది. ఐదింటికి నిమ్మరసం ఇచ్చి లేపారు. ఎన్నడూ లేంది, లేవబుద్ధి కాలేదు.

సోమవారం కాలేజీకి పోయాను. ప్రిన్సిపాలు హాజరు పట్టీ చేతికిచ్చాడు. బాపు కాంపులో వాళ్లు మాట్లాడటం మొదలుపెట్టారని చిన్నమ్మ ద్వారా తెలిసింది. బాపు నాకు ఫోను చెయ్యలేదు, చెయ్యాల్సిన పని లేకుండా పోయింది కదా. హోటలుకు పోతే అడగకముందే గ్లాసు నా ముందుకు వచ్చింది. ఎవరూ ఏమీ అడగలేదు. చాచా సూది పట్టిన చెయ్యి ఎత్తాడు, నేను తల వంచాను. ఆయనకిప్పుడు నా పేరు తెలుసు. పిలవాల్సిన అవసరమే రాలేదు. అవ్వ కోసం టెంటు వైపు పోయాను. ఆ రోజు వంతు ఆటోవాళ్లది. ఆదివారం వచ్చింది. బస్టాండులో మళ్లీ అదే సిమెంటు బల్ల.

ఇప్పుడు చెప్పబోయేది ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాతి వారం క్లాసయ్యాక బోర్డు మీద పెద్ద అక్షరాలతో "ఓటు వెయ్యకపోయినా తప్పు లేదు – ఎందుకు?" అని రాసి, రెండు గీతలు గీసి, కావాలనే చెరపకుండా వచ్చాను. సాయంత్రం హోటల్లో రెండు చాయ్‌లు తాగుతూ, ఎవరైనా వచ్చి గొడవకు దిగుతారేమోనని ఏడింటిదాకా కూర్చున్నాను. ఎవరూ రాలేదు. మర్నాడు చూస్తే ఎకనామిక్స్ సారు దాని మీదుగా డిమాండు రేఖ గీసుకున్నాడు. "తప్పు లేదు" అన్న మాటలు మాత్రం మూలన మిగిలాయి.

ఉద్యోగం ఆ ఏడు నిలబడింది, మరుసటేడు గ్రూపే నిలబడలేదు. ముగ్గురు చేరారు. జనాభా లేక ఎత్తేశారు. పాస్‌పోర్టు పెట్టెలోంచి తీశాను, కానీ అది పట్టుకుని పోయింది మస్కట్‌కు కాదు, ఒక దినపత్రిక జిల్లా ఆఫీసుకు. గుర్తింపు కోసం ఏదో ఒక కార్డు చూపించమన్నారు, నా దగ్గర అదొక్కటే ఉంది. రాసిన ముక్క ఊరంతా చదివి మీదికి వచ్చే పని ఇంకెక్కడుందని ఆలోచిస్తే నాకు పత్రికే తోచింది మరి. "పేపరోడు గూడ ఒకడున్నడు నా కాంపుల" అన్నాడు బాపు. మళ్లీ వీసా మాటెత్తలేదు.

తెలంగాణ వచ్చింది. తర్వాత జిల్లాలు ముక్కలై మా పల్లె రాజన్న సిరిసిల్లలో పడింది, నా పాత గది జగిత్యాలలో. ఇప్పుడు నేను డెస్కులో కూర్చుని ఇతరులు రాసినవి దిద్దుతాను. పొద్దున పేపరు చూసి కోపం వచ్చిన పాఠకులు ఆఫీసుకు ఫోను చేస్తారు. కుర్రవాళ్లకు ఆ ఫోన్లంటే విసుగు. మోగగానే "సార్, మీదే" అని నాకిచ్చేస్తారు. నా ఓపికను వాళ్లు చాలా మెచ్చుకుంటారు. మెచ్చుకోనిస్తాను.

పోయిన నెల ఎల్లంతకుంట నుంచి ఒక పెద్దమనిషి చేశాడు. ఆ పేరుతో, దాదాపు అదే పేరుతో, ఊళ్లు రెండున్నాయి. ఆయన ఊరి వార్తను మేము పక్క జిల్లాలో వేశాం. "మాది ఏ జిల్లనో గూడ ఎరుక లేకుంట పేపరెట్ల నడుపుతున్నరయ్యా?" అని మొదలుపెట్టి పదకొండు నిమిషాలు తిట్టాడు. తప్పు మాదే, ఒప్పుకున్నాను, రేపు సవరణ వేస్తామన్నాను. ఆయన చల్లబడ్డాడు. "సరే, ఉంట మరి" అన్నాడు గానీ, ఆ మాట అనడంలో ఏమంత తొందర లేదు. వెనక టీవీ చప్పుడు లేదు, మనుషుల అలికిడి లేదు.

"ఉండుండ్రి సార్. లోపలి పేజీ చూసిండ్రా? ఆడ గూడ ఏమన్న తప్పులున్నయా?" అన్నాను.

అవతల పేపరు మడత విప్పిన చప్పుడైంది. తర్వాత గొంతులో కొంచెం హుషారు వచ్చింది. "చూడలే. ఆగు, అద్దాలు తెచ్చుకుంట. పెట్టెయ్యకు."

కుర్చీ జరిగిన చప్పుడు వినపడింది. రిసీవరు చెవికి ఆనించుకుని, మా లోపలి పేజీ నేనూ ముందు పరుచుకుని, ఆయన కోసం కూర్చున్నాను.